కప్పు లెక్కలో మనిషి

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సదాశివపేట దాకా ముంబయి రహదారి వెంట వెళ్తే రోడ్డుకు రెండు వైపులా కనిపించేవి వాలు కప్పులే. వానలకు నల్లబడ్డ సిమెంటు రేకుల షెడ్లు, వాటి మధ్య వెలుతురు కోసం వేసిన, పసుపు తిరిగిన ఫైబర్ రేకులు, నీలం రంగు ఇనుప రేకుల పెద్ద గోదాములు. ఈ ప్రాంతం కప్పులు వేసుకోవడమే కాదు, దేశానికంతటికీ కప్పులు చేసి పంపుతుంది కూడా. హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ పేరుతో 1946లో పుట్టిన కంపెనీ సనత్‌నగర్‌లో చేసిన చార్మినార్ రేకులు ఊరూరికీ చేరాయి. 1981లో ఏర్పడిన విశాక ఇండస్ట్రీస్ తన మొదటి సిమెంటు రేకుల ఫ్యాక్టరీని పటాన్‌చెరు దాపునే పెట్టింది. కువైట్‌కు చెందిన అల్‌ఘానిమ్ సంస్థ వారి కిర్బీ, పాశమైలారంలో ఉక్కు షెడ్లను ముక్కలుగా తయారుచేసి లారీల్లో పంపుతుంది. పెన్నార్ వాళ్లు అదే పని సదాశివపేట దగ్గర చేస్తారు. ఒక కప్పు ఎలా నిలబడుతుందో, దాని మీద మనిషి ఎందుకు నిలబడలేడో చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

వాలు సంగతి ముందు. కప్పుకు ఎంత వాలు ఇవ్వాలన్నది పైన పరిచే వస్తువును బట్టి తేలుతుంది. తాటికమ్మలు, గడ్డి నీటిని ఆపలేవు, జార్చగలవు అంతే. నీళ్లు లోపలికి దిగేలోపే చూరు దాటి కిందపడాలంటే వాలు 45 డిగ్రీల దాకా ఉండాలి. గూనపెంకుల మధ్య సందులు ఎక్కువ కాబట్టి వాటికీ బాగా ఏటవాలు కావాలి. సిమెంటు రేకులు పెద్దవి, అతుకులు తక్కువ, అందుకని 15 నుంచి 20 డిగ్రీలు చాలు. ఇనుప రేకు చూరు నుంచి కొప్పు దాకా ఒకే పొడవున వస్తుంది కనుక పది అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచినా నీళ్లు పోతాయి. అది ఆరు డిగ్రీలు కూడా కాదు. దూరం నుంచి చూస్తే ఆ గోదాములు చదునుగా ఉన్నట్టే అనిపిస్తాయి. అలా అనిపించడం వల్లే వాటి మీద నడవడం తేలికనుకుంటారు. ఆ మాట తర్వాత.

రెండు వాలులు కలిసే గీతే కొప్పు. షెడ్ల పనివాళ్లు రిడ్జి అంటారు. కప్పు శాస్త్రమంతా అక్కడే మొదలవుతుంది. రెండు కర్రలను తలలు ఆనించి నిలబెట్టి పైన బరువు పెడితే తలలు కిందికి దిగుతాయి, కాళ్లు బయటికి జారతాయి. కప్పు బరువు కూడా గోడలను అలాగే బయటికి నెడుతుంది. దీనికి మన పాత పెంకుటిళ్లు ఒక పరిష్కారం కనుక్కున్నాయి. ఇంటి నడుమ నిట్టాడి పాతి, దాని తల మీద వెన్నుదూలం ఎక్కించి, వాసాలను ఆ దూలానికి తగిలించారు. అప్పుడు కొప్పు దగ్గరి బరువు నేరుగా నిట్టాడిలోంచి నేలలోకి దిగిపోతుంది, మట్టిగోడల మీద నెట్టుడు తగ్గిపోతుంది. అందుకే మన మట్టిగోడలు అంతంత బరువు పెంకులను మోశాయి. కానీ గది మధ్యలో స్తంభం ఉంటుంది. ఇంట్లో దానికి ఉయ్యాల తాడు కట్టుకోవచ్చు, ఫ్యాక్టరీలో మాత్రం అది యంత్రానికీ క్రేనుకూ అడ్డం.

స్తంభం తీసేయాలంటే, బయటికి జారే రెండు కాళ్లనూ కింద ఒక కమ్మీతో కట్టిపడేయాలి. అదే ట్రస్సు. పైన వాలుగా ఉండే రెండు కమ్మీలు ఒత్తిడిని మోస్తాయి, కింది అడ్డ కమ్మీ లాగుడును మోస్తుంది. ఇక్కడ వెన్నుదూలం పాత్ర మారిపోతుంది. పెంకుటింట్లో అది కప్పు బరువును మోసే దూలం. ట్రస్సులో కొప్పు దగ్గర ఒకదానినొకటి నెట్టుకునే రెండు కమ్మీల మధ్య కేవలం కలుపు. ఈ తేడా తెలియకుండా పాత కప్పు విప్పేవాళ్లకు ప్రమాదం పొంచి ఉంటుంది. పెంకుటింట్లో వెన్నుదూలాన్ని ముందు తీస్తే వాసాలు కూలుతాయి. ట్రస్సులో కింది కమ్మీ అడ్డం వస్తోందని కోస్తే గోడలు విచ్చుకుంటాయి.

షెడ్డు కొప్పులో బయటివాళ్లు గమనించని పని ఇంకొకటి జరుగుతుంది. ట్రస్సుల మీద అడ్డంగా, వరుసలు వరుసలుగా పర్లిన్లు ఉంటాయి. రేకులు వాటికే బిగుస్తాయి. వాలు మీద కూర్చున్న పర్లిను నిలువుగానే కాక, వాలు వెంట కిందికి కూడా వంగాలని చూస్తుంది. పల్చటి ఉక్కు పర్లినుకు ఆ దిశలో బలం చాలా తక్కువ. అందుకని ఒక పర్లిను నుంచి పైదానికి, దాన్నుంచి ఇంకా పైదానికి సన్నటి ఇనుప కడ్డీలు బిగిస్తారు. సాగ్ రాడ్లని పేరు. ఒక వైపు వాలు మొత్తం లాగుడు ఈ కడ్డీల వెంట కొప్పుకు చేరుతుంది, అటు వైపు వాలు లాగుడూ అక్కడికే వస్తుంది. కొప్పుకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు పర్లిన్లను ఒకదానికొకటి కట్టేస్తే రెండు లాగుళ్లూ సరిసమానమై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రేకులు మార్చేటప్పుడు ఒక వైపు కొప్పు పర్లినును విప్పి రెండో వైపు వదిలేస్తే ఆ సమతూకం పోతుంది. అవతలి వైపు కప్పుకు ఏమీ చేయకుండానే అది వంగడం మొదలవుతుంది.

కొత్త ఉక్కు షెడ్లలో ట్రస్సు కూడా లేదు. స్తంభం, వాలు దూలం కలిసి ఒకే చట్రంగా పనిచేస్తాయి. వంపు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ ఉండేది స్తంభం, దూలం కలిసే భుజం దగ్గర. అందుకే ఆ స్తంభాలు కింద సన్నగా, పైకి పోనుపోను వెడల్పుగా ఉంటాయి. కొప్పు దగ్గర రెండు దూలాలను మందపాటి ప్లేట్లతో, గట్టి బోల్టులతో కలుపుతారు. ఈ చట్రం పూర్తయ్యాక ఎంత బలమైనదో, కట్టే రోజున అంత బలహీనమైనది. ఒంటరిగా నిలబెట్టిన చట్రానికి తన సొంత తలంలోనే బలం, పక్కకు ఏ బలమూ లేదు. మొదటి రెండు చట్రాల మధ్య పర్లిన్లూ, ఎక్స్ ఆకారంలో బ్రేసింగూ బిగించి గట్టి పెట్టెలా చేశాకే మూడోదాన్ని లేపాలి. తొందరలో చట్రాలన్నీ నిలబెట్టి, బ్రేసింగ్ రేపు చూద్దామనుకున్న చోట ఒక సాయంకాలపు ఈదురుగాలి అన్నిటినీ వరసగా పడగొట్టగలదు.

ఒక వైపు వాలుగా, మరో వైపు నిటారుగా వరుసలుగా లేచే రంపపు పళ్ల కప్పు గురించి ఒక్క మాట. నిటారుగా ఉండే ముఖానికి అద్దాలు పెట్టి దాన్ని ఉత్తరానికి తిప్పితే ఎండ పడకుండా వెలుతురు వస్తుందన్నది ఇంగ్లండు మిల్లుల నుంచి వచ్చిన పద్ధతి. మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. పటాన్‌చెరు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు అద్దంలోంచీ కొంత ఎండ దిగుతుంది. ఆ అద్దాల పైన చిన్న చూరు వేయడం ఇక్కడ అవసరం.

ఇక రేకు. ఇనుప రేకును అలలుగా ముడిచే పద్ధతికి హెన్రీ పామర్ అనే ఇంజినీరు 1829లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. కాగితాన్ని మడతలు పెట్టి రెండు పుస్తకాల మీద వంతెనలా పరిస్తే పెన్సిల్‌ను మోస్తుంది. రేకు బలం కూడా ఆ మడతలదే, మందానిది కాదు. అర మిల్లీమీటరు మందం ఉన్న ఇనుప రేకు చదరపు మీటరుకు 5 కిలోలు కూడా తూగదు. ఆస్‌బెస్టాస్ నారను సిమెంటులో కలిపి, కాగితం తయారీ యంత్రాన్ని పోలిన యంత్రం మీద పొరలుగా తీసే పద్ధతిని ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ 1900 ప్రాంతంలో కనుక్కున్నాడు. ఈ రేకు తుప్పు పట్టదు, అగ్గి అంటుకోదు. చదరపు మీటరుకు పదమూడు కిలోల పైచిలుకు బరువు ఉండడం గాలిని తట్టుకోవడంలో దానికి కొంత సాయం. మందుల ముడిసరుకు తయారయ్యే ఫ్యాక్టరీల్లో ఆమ్లపు ఆవిర్లకు ఇనుప రేకు తొందరగా పాడవుతుంది కనుక ఈ ప్రాంతంలో సిమెంటు రేకుకు గిరాకీ పెరిగింది. అయితే ఆవిరి రేకును వదిలినా, దాన్ని పట్టుకున్న జె-బోల్టును వదలదు. పైనుంచి రేకు బాగానే కనిపిస్తుంది, కింద దాని కొక్కెం సగం తినేసి ఉంటుంది.

కప్పులు ఎగిరిపోయేది గాలి నెట్టడం వల్ల అనుకుంటాం. ఎక్కువగా పైకి పీల్చడం వల్ల. వాలు తక్కువ ఉన్న కప్పు మీదుగా గాలి దూసుకుపోతున్నప్పుడు చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర, కొప్పు పక్కన పీడనం పడిపోయి రేకును పైకి లాగుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు నిర్ణయించిన మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఆ వేగం చదరపు మీటరుకు ఇంచుమించు 118 కిలోల ఒత్తిడికి సమానం. ఇనుప రేకు బరువేమో 5 కిలోలకు లోపే. అంటే కప్పును నిలబెట్టేవి స్క్రూలే. గాలికి ఎదురుగా ఉన్న పెద్ద షట్టరు తెరిచి ఉంటే లోపలి గాలి కింది నుంచి తోస్తుంది, బయటి గాలి పైనుంచి లాగుతుంది. గాలివాన రాగానే షట్టరు దించమనడం ఉత్త అలవాటు కాదు.

ఇంత లెక్క కట్టిన ప్రమాణం మనిషిని ఎలా లెక్క కట్టింది? ఐఎస్ 875 రెండో భాగంలో ఆ అంకె ఉంది. కప్పు మీద పరిచే ఏ రేకైనా ఒక చిన్న చోట పడే 900 న్యూటన్ల బరువును, అంటే సుమారు 92 కిలోలను మోయాలి. పనివాడు పనిముట్లతో ఒక కాలు మోపితే పడే బరువది. అయితే ఆ వాక్యంలోనే ఒక మినహాయింపు ఉంది: గాజు, ఫైబర్ గ్లాసు పారదర్శక రేకులకు ఇది వర్తించదు. అంటే వెలుతురు కోసం వేసిన రేకు మనిషిని మోయనక్కర్లేదని ప్రమాణమే ఒప్పుకుంది. అది కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా మెరుస్తూ తానెవరో చెబుతుంది. ఎండకు పసుపు తిరిగి, దుమ్ము పట్టి, పైన నాచు పెరిగాక పక్కనున్న సిమెంటు రేకుకూ దానికీ తేడా తెలియదు. కొన్ని చోట్ల కారకుండా రెండింటి మీదా ఒకే రంగు పూసేస్తారు. కప్పు మీద చేయగల పనుల్లో ఇంతకన్నా ప్రమాదకరమైనది నాకు తోచదు.

సిమెంటు రేకు సంగతి ఇంకా మోసం. కొత్తప్పుడు అది 900 న్యూటన్లను మోయవచ్చు. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడు సిమెంటులోని సున్నంతో కలుస్తుంది, వాన పైపొరను కడుగుతుంది, రోజూ ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది. గట్టిదనం పోదు, సాగే గుణం పోతుంది. అలాంటి రేకు విరిగే ముందు వంగదు, చప్పుడు చేయదు. అడుగు పడిన క్షణాన గాజులా పగులుతుంది. బరువు నెమ్మదిగా మోపడం వేరు, తూలి పడడం వేరు. బ్రిటన్‌లో కప్పు పెళుసుదా కాదా తేల్చడానికి 45 కిలోల ఇసుక సంచిని 1.2 మీటర్ల ఎత్తు నుంచి రేకు మీదికి వదులుతారు. పాత రేకు మీద పరీక్ష కూడా చేయరు. గట్టిదని రుజువయ్యేదాకా ప్రతి రేకూ పెళుసుదేనని అక్కడి భద్రతా సంస్థ సలహా.

మన షెడ్ల మీద దీనికి బదులుగా నడిచే సూత్రం ఒకటే: బోల్టుల లైను మీద నడువు. బోల్టు ఉన్న చోట కింద పర్లిను ఉంటుంది కాబట్టి అందులో తెలివి ఉంది, రక్షణ మాత్రం లేదు. సిమెంటు రేకుల కింద పర్లిన్ల మధ్య దూరం సుమారు 1.4 మీటర్లు. ఒక లైను నుంచి పైలైనుకు పోవాలంటే మధ్యలో ఎక్కడో కాలు పడాలి. లైను మీద నడిచే మనిషి తూలితే పక్కన పట్టుకోవడానికి ఉన్నది ఆ పెళుసు రేకే. అక్కడి నుంచి 8 మీటర్ల కింద నేల. పడడానికి పట్టేది సెకనుంబావు, నేలను తాకే వేగం గంటకు 45 కిలోమీటర్లు. మనిషి తేరుకోవడానికి, ఏదైనా పట్టుకోవడానికి ఆ సమయం సరిపోదు.

పైకి ఎక్కే కాలం కూడా చెడ్డ కాలమే. కారుతున్న కప్పు గుర్తొచ్చేది రోహిణి కార్తెలో, లేదా మృగశిర తొలివాన పడిన మర్నాడు. రోహిణిలో ఇనుప రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంటుంది, సాయంత్రానికి ఈదురుగాలి. మృగశిరలో రేకు తడిసి నాచు జారుతుంది. "పైకెక్కి జర చూసి రా భయ్" అన్న మాటతో అడ్డా మీది నుంచి తెచ్చిన కూలీయో, మెయింటెనెన్స్ హెల్పరో నిచ్చెన ఎక్కుతాడు. అతను ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడైతే గోడ మీది తెలుగు బోర్డు చదవలేడు. ఆ కప్పులో వెలుతురు రేకులు ఎక్కడున్నాయో షెడ్డు యజమానికి తెలుసు. ఎక్కినవాడికి తెలియదు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. అందులో "ప్రమాదవశాత్తు" అన్న మాట తప్పక ఉంటుంది. ఏ రేకు ఎంత మోస్తుందో ముందే తెలిసిన చోట ఆ మాట నాకు మింగుడుపడదు.

చట్టం ఈ ముప్పును ఎప్పుడో గుర్తించింది. పడిపోయే అవకాశం ఉన్న ఎత్తులో పనిచేసేవారికి కంచెతోనో మరో విధంగానో రక్షణ కల్పించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో ఏటవాలు కప్పుల పనికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. పాకే పలకలు ఎలా ఉండాలో కూడా అందులో రాశారు. పాకే పలక అంటే రేకు మీద, కనీసం రెండు మూడు పర్లిన్లకు ఆనేలా పరిచే పొడవాటి చెక్క. మనిషి బరువు రేకు మీద పడకుండా నేరుగా పర్లిన్లకు పోతుంది. వాలు ఎక్కువైతే అడ్డపట్టీలు కొట్టిన నిచ్చెనను కొప్పు మీదుగా కొక్కెంతో అవతలి వాలుకు తగిలిస్తారు. కొక్కెం కొప్పు మీది రేకు మూతను కాకుండా, దాని అవతలి గట్టి భాగాన్ని పట్టుకోవాలి. మూత నీళ్లను ఆపడానికి పెట్టింది, మనిషిని మోయదు.

అసలు ఎక్కకుండా పని జరుగుతుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. కారుతున్న చోటును కింది నుంచే గుర్తుపట్టవచ్చు. బోల్టు మార్పును, రేకు మార్పును కూడా చాలాసార్లు కింద లిఫ్టు యంత్రం మీద నిలబడి చేయవచ్చు. అలాంటి లిఫ్టులు ఈ ప్రాంతంలో అద్దెకు దొరుకుతాయి. ఎక్కక తప్పకపోతే కింద వల కట్టాలి, పైన పలకలు పరవాలి. ఒంటికి కట్టుకునే భద్రతా బెల్టు వీటన్నిటి తర్వాతిది. మన దగ్గర బెల్టుతోనే మొదలుపెట్టి, దానితోనే ముగిస్తారు. దాని లెక్క ఒకసారి చూడండి. తాడు 1.8 మీటర్లు. పడినప్పుడు కుదుపును తగ్గించే మడత విచ్చుకుంటే ఇంకో 1.2 మీటర్లు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5 మీటర్లు. పాదాల కింద భద్రతకు ఇంకో మీటరు వదిలితే మొత్తం 5.5 మీటర్లు. తాడును కాళ్ల దగ్గరి పర్లినుకు కడితే, 6 మీటర్ల ఎత్తు షెడ్డులో కింద 2 మీటర్ల యంత్రం ఉంటే, బెల్టు పూర్తిగా పట్టుకునేలోపే మనిషి యంత్రాన్ని తాకుతాడు. అదే తాడును కొప్పు వెంట కట్టిన ఉక్కు తీగకు, తాడు వదులు లేకుండా తగిలిస్తే పడే దూరం చాలా తగ్గుతుంది. జె-బోల్టుకు కట్టిన బెల్టు కట్టనట్టే. వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దింపే ఏర్పాటు కూడా ముందే ఉండాలి. బెల్టు పట్టీలు తొడలను నొక్కి రక్తం కాళ్లలోనే ఆగిపోతే, పడకుండా బతికినవాడు వేలాడుతూ ప్రాణం కోల్పోవచ్చు.

రేకు చేతిలో ఉన్నప్పుడు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆరు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఇనుప రేకు 30 కిలోలకు లోపే. గంటకు 36 కిలోమీటర్ల గాలి దానికి ఎదురుగా కొడితే 37 కిలోల తోపు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. చెట్ల కొమ్మలు ఊగడం మొదలవగానే రేకులు దించడం ఆపేయాలి. పైకి చేరిన రేకులను తాళ్లతో బిగించాలి.

పాత సిమెంటు రేకు తీసేటప్పుడు ఇంకో ముప్పు ఉంది. అందులో పదో వంతు దాకా ఆస్‌బెస్టాస్ నార. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. రేకు కప్పు మీద చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ముప్పు తక్కువ. గ్రైండరుతో కోసినా, పైనుంచి విసిరి పగలగొట్టినా కంటికి కనిపించని నార గాలిలోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన నార జబ్బుగా బయటపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే రేకును నీటితో తడిపి, బోల్టు కోసి, ముక్క చేయకుండా కిందికి దించాలి. పొడిచీపురుతో ఊడ్వకూడదు. ఆ ముక్కలను పశువుల కొట్టానికనో గుంత పూడ్చడానికనో ఇంటికి తీసుకుపోనివ్వకూడదు.

కొత్త షెడ్డు కట్టించేవాళ్లు రేకు రంగు గురించి, గేజి గురించి గంటలు గంటలు బేరమాడతారు. నకాషా మీద సంతకం చేసే ముందు ఇంకో నాలుగు అడగాలి. ప్రతి వెలుతురు రేకు కింద ఉక్కు జాలీ ఉందా? కొప్పు వెంట బెల్టు తగిలించే తీగకు, దాని లంగర్లకు లెక్క కట్టారా? గట్టర్లు శుభ్రం చేయడానికి చూరు వెంట నడకదారి ఉందా? గోడకు కటకటాలున్న శాశ్వత నిచ్చెన ఉందా? రేపు అదే కప్పు మీద సోలార్ పలకలు పెట్టే ఆలోచన ఉంటే వాటి బరువుతో పాటు, వాటిని కడగడానికి ఏటా ఎక్కే మనుషులను కూడా ఈరోజే లెక్కలో చేర్చమనాలి. ఉక్కు ఇంకా కోయని దశలో ఇవి నకాషా మీద కొన్ని గీతలు. షెడ్డు లేచాక వీటిని చేర్చాలంటే, మళ్లీ ఎవరో ఒకరు ఆ కప్పు ఎక్కాల్సిందే.